చెరిసగం ఊపిరి

కంపాలా,
ఫిబ్రవరి 8

ఏమే నకాతో,

ఈ ఉత్తరం చదివే ముందు ఒకచోట కూర్చో. నీ చేపల పొయ్యి దగ్గర కాదు, బయట, సరస్సు గాలి తగిలే చోట.

నాకు ఊపిరి వచ్చిందే! నిన్న ఆదివారం రుబాగా కొండ ఎక్కాను, ప్రార్థనకి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. దారిలో వేరుసెనక్కాయలమ్మే ముసలావిడ ఉంటుంది. నేను ఎప్పుడూ ఆవిడ దగ్గరే రొప్పుకుంటూ ఆగుతాను. ఊరికే నిలబడితే బాగుండదని ఒక పొట్లం కొంటాను. నిన్న నన్ను చూడగానే అలవాటుగా పొట్లం కట్టింది. నేను చెయ్యి ఊపి ముందుకెళ్ళిపోయాను. "ఏమ్మా, నామీద కోపమొచ్చిందా?" అని వెనకనించి ఒకటే కేక!

ఇదంతా డాక్టర్ అలుపో చలవ. టెసో తెగ మనిషి, తాటిచెట్టంత పొడుగు, మాట మాత్రం ముక్తసరి. ఇన్నేళ్ళూ నాకు ప్రతివాళ్ళూ ఒక సీసా దగ్గు మందు చేతిలో పెట్టి పంపేశారు కదా. ఈవిడ నాచేత ఒక మిషనులోకి ఊదించింది, రక్తం తీయించింది, తర్వాత పోలీసులాగ ప్రశ్నలు వేసింది. చిన్నప్పటినించీ ఉందా, బట్టల దుమ్ముకి ఎక్కువవుతుందా, తెల్లవారుజామున ఆయాసంతో లేస్తావా అని. చివరికి "ఇది ఆస్తమా" అని ఇన్హేలర్ రాసిచ్చింది. నారింజరంగు మూత. పొద్దున్నా సాయంత్రం పీల్చాలి. వారం తిరక్కుండానే నా మిషను కుట్టు మధ్యలో ఆపి కిటికీ దగ్గరికి పరిగెత్తడం మానేశాను.

నేను వెంటనే అన్నాను, "డాక్టరమ్మా, నాకు కవల చెల్లెలుంది, దానికీ ఇదే ఆయాసం, ఇద్దరికీ రాయండి" అని. "ఆమెను తీసుకురండి, చూసి చెప్తాను" అంది. "చూడ్డానికేముంది, నన్ను చూస్తే దాన్ని చూసినట్టే" అన్నాను. నవ్వింది. నవ్వి, మందు మాత్రం ఒక్కరికే రాసింది. పిల్లల్లేని మనిషై ఉంటుంది, కవలల సంగతి ఏం తెలుస్తుంది!

నాకు ఆస్పత్రిలో రెండు నెలలకని రెండు ఇన్హేలర్లు ఇచ్చారు. ఒకటి తమ్ముడు కిజ్జా చేత నీకు పంపుతున్నాను. మనకు అమ్మ ఒక్క అరటిపండైనా విరవకుండా ఇచ్చిందా? ఒకదానికి దక్కి రెండో దానికి దక్కకపోతే ఒళ్ళు పొక్కుతుందని ఊరంతా చెప్పేది కదా. నాకొచ్చిన ఊపిరిలో నీకు సగం రావాల్సిందే.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడక్కు. నాలుగు మాటలకొకసారి నువ్వు ఆగి ఊపిరి లాగుతుంటే నాకు ఏడుపొస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వూ కాగితం మీదే చెప్పు.

నీకంటే కాస్త ముందు పుట్టి, అందుకే నీమీద పెత్తనం చేసే
బబిర్యే


కలంగాలా దీవి,
ఫిబ్రవరి 21

అక్కయ్యగారికి,

తోసుకుంటూ ముందు బయటికొచ్చేసి అక్కవైపోయావు, లేకపోతే ఈ పెత్తనం నాది.

నీ మందు క్షేమంగా చేరింది. కిజ్జా దాన్ని మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. పడవ ఒడ్డుకి తగలకముందే "మా అక్కకి ఊపిరి తెచ్చానహో!" అని రేవంతా వినపడేలా అరిచాడు. చేపలు కోసే ఆడవాళ్ళంతా కత్తులు వదిలేసి చూడ్డానికి వచ్చేశారు.

అమ్మ ముందు తన చేతికిమ్మంది. అటూ ఇటూ ఊపింది, చెవి దగ్గర పెట్టుకుంది. "బబిర్యే దగ్గరా ఇలాంటిదే ఉందా?" అంది. ఉందన్నాను. "ఇదే రంగా?" అంది. ఇదే రంగన్నాను. అప్పుడు గానీ నా ఒళ్ళో పెట్టలేదు. కవలల తల్లినని ఈ వయసులోనూ ఊళ్ళో దండాలు పెట్టించుకునే మనిషి, లెక్క తప్పనిస్తుందా!

నువ్వు రాసినట్టే పీలుస్తున్నాను. గుణం కనిపిస్తోంది. నా గురించి బెంగపెట్టుకోకు.

ఇక్కడ పెద్ద చేప బాగా పడుతోంది. అందరం తెల్లారకముందే పొయ్యిలు వెలిగిస్తున్నాం. పచ్చి కట్టెలు కావడంతో పొగ ఎక్కువ. పీల్చేసి వెంటనే పొయ్యి ముందు కూర్చుంటాను, ఎటూ మందు లోపల ఉంది కదా అని ధైర్యం. అమ్మని తీసుకుని కంపాలా రమ్మంటావు, ఆవిడని పడవెక్కించడం నీవల్ల అవుతుందా? సరస్సు చూస్తేనే కళ్ళు మూసుకుంటుంది.

నీ వాటా చేప కిజ్జాకిచ్చాను. తలా తోకా ఇద్దరికీ రావాలని నిలువునా చీల్చి పొగబెట్టాను. వేరుసెనగ పులుసులో వెయ్యి. మతోకె అరటికాయలు అక్కడ దొరుకుతాయిగా, ఆ మాత్రం చేసుకో. మిషను మీదే అన్నం తినకు.

నువ్వు తోసేస్తే వెనక పడ్డ
నకాతో


కంపాలా,
మార్చి 4

నా బంగారు చెల్లీ,

గుణం కనిపిస్తోందని రాశావే, ఆ ఒక్క ముక్కా పక్కింటావిడకి కూడా చదివి వినిపించాను! నాకు ముందే తెలుసు. ఒకే కడుపులో ఒకేసారి ఉన్నవాళ్ళకి రెండు రకాల జబ్బులెలా వస్తాయి?

నిన్న ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మతో గర్వంగా చెప్పాను, "మీరు రాయకపోయినా మా చెల్లెలు ఇదే మందుతో బాగుపడింది" అని. మెచ్చుకుంటుందనుకున్నాను. మొహం ముడుచుకుంది. "మీ మందు మీరే వాడండి, పంచకండి" అని, నీ పేరూ రేవు పేరూ రాసుకుంది. నెలకోసారి మీ దీవిలో ఆస్పత్రికి వస్తుందట. రానీ, నిన్ను చూస్తేనన్నా బుద్ధొస్తుంది.

నీకొకటిచ్చాక నాకు రోజుకు ఒకసారికే సరిపోతోంది. అయినా గుర్రంలా ఉన్నాను. నీకింకా దగ్గుంటే ఒకసారి ఎక్కువ పీల్చు, మొహమాటపడకు. అయిపోతే నాది పంపుతాను.

చేప అమోఘం. తల దగ్గర నీ సగంలో కన్ను ఉండిపోయినట్టుంది, నాకు కన్ను రాలేదు. మోసం.

అక్క


కలంగాలా ఆస్పత్రి,
మార్చి 30

అక్కా,

ముందు ఒక మాట. నేను బాగున్నాను, అన్నం తింటున్నాను, నువ్వు ఏడుస్తూ పడవెక్కద్దు.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. వారం రోజులుగా ఇక్కడే మంచం మీద ఉన్నాను. జ్వరం తగ్గింది. నీకు చెప్పద్దని కిజ్జాచేత ఒట్టు వేయించుకున్నాను. వాడు ఇంతకాలం నోరు మూసుకున్నాడంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

నీ పొడుగు డాక్టరమ్మ వచ్చింది. గుమ్మంలోంచే నన్ను చూసి ఆగిపోయింది. "మీరు కంపాలాలో కదా ఉండాలి" అంది. నేను చెల్లెల్నన్నాను. "ఓహో, చేపల చెల్లెలు" అని పక్కన కూర్చుంది. నాచేతా ఊదించింది, ఒకసారి ఊదాక ఏదో మందు పీల్పించి మళ్ళీ ఊదించింది, రక్తం తీయించింది. నా చెయ్యి పట్టుకుని అడిగింది, "నిజం చెప్పండి, ఆ ఇన్హేలర్‌తో మీకు తేలికయిందా?"

లేదని తలూపాను.

లేదక్కా. మొదటి రోజునించీ లేదు. నువ్వు అంత ప్రేమగా నీ ఊపిరిలో సగం పంపితే, పనిచెయ్యలేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకోసారి ఎక్కువ పీల్చమన్నావు, పీల్చాను. అదీ నీ తప్పు కాదు, నేను రాసిన అబద్ధం చూసే కదా నువ్వు ఆ మాటన్నావు.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో ఇది. నీకు గాలి గొట్టాల్లో వాపొస్తుంది. నీ రక్తంలో ఒక జాతి కణాలు బాగా పెరిగి ఉన్నాయి, అవి ఉన్నవాళ్ళకి ఆ నారింజ మూత మందు దేవుడిచ్చిన వరం. నా రక్తంలో అవి పెరగలేదు. నా గొట్టాలు ఇన్నేళ్ళ పొగకి బిగదీసుకుపోయాయి. నాకు కావాల్సింది వాటిని వదులు చేసే మందు, పొగకి దూరం, ఇంకా కొంత కసరత్తు. వాపు మందు నాబోటివాళ్ళకి మేలు చెయ్యకపోగా నిమ్ము చేరే ముప్పు పెంచుతుందట. "అదొక్కటే కారణమని చెప్పలేను, పొగా ఉంది. కానీ ఇకమీదట అది ముట్టుకోవద్దు" అంది. "మీరు కవలలు కావచ్చు. ఒకరు బట్టల మధ్య బతికారు, ఒకరు పొగలో బతికారు" అని కూడా అంది.

నాకు వేరే ఇన్హేలర్ ఇచ్చింది. దీని మూత ఆకుపచ్చ.

అమ్మ ఆ ఆకుపచ్చ మూత చూసి మంచం పక్కనించి లేచింది. "నా బిడ్డలిద్దరినీ వేరు చేస్తావా! ఒకదానికో రంగు, ఇంకోదానికో రంగు! నేను చచ్చాక చేసుకో ఈ పని" అని డాక్టరమ్మ మీదికెళ్ళింది. ఆవిడ ఆ పొడుగంతా వంచి మోకాళ్ళ మీద కూర్చుని మన పద్ధతిలో అమ్మకి నమస్కారం పెట్టింది. అయినా అమ్మ కరగలేదు. ఆస్పత్రి గంజి కూడా ముట్టనంది.

పడుకునే రాస్తున్నాను, అందుకే వరసలు వంకరపోతున్నాయి.

నకాతో


కంపాలా,
ఏప్రిల్ 7

నకాతో,

నీ ఉత్తరం చదివి రోజంతా మిషను మీద చెయ్యి వెయ్యలేదు.

నాకు అబద్ధం రాశావు. నాకు! చిన్నప్పుడు నీ పాలపన్ను ఊడితే నా నోట్లో వేలుపెట్టి చూసుకున్నదాన్ని. నీకు నిమ్ము చేరితే కిజ్జాకి తెలుసు, రేవులో చేపలు కోసేవాళ్ళకి తెలుసు, నాకు మాత్రం తెలియకూడదు.

సరే, నువ్వు బతికున్నావు, మిగతా కోపం తర్వాత పడతాను.

ఆ డాక్టరమ్మ మాటలు నువ్వు నమ్ముతున్నావా? నేను కంపాలా మనిషిని, నీటుగా కనపడతాను, నాకు మంచి మందు రాసింది. నువ్వు చేపల వాసనతో వెళ్ళావు, నీకు ఏదో ఆకుపచ్చది అంటగట్టింది. రక్తంలో కణాలట! మనిద్దరి రక్తమూ ఒక్క తల్లి ఇచ్చిందే కదా. నిన్ను తక్కువ చేసిందని నా అనుమానం. అమ్మ తిట్టిందంటే ఊరికే తిట్టదు.

ఇదిగో, ఒకటి చెప్తున్నాను. నీకు వద్దన్న మందు నాకూ వద్దు. మార్చి ముప్పైన నువ్వు రాసింది చేరిన రోజునించే నారింజ మూత తీసి గోడగూట్లో పెట్టేశాను. నువ్వు లేని సుఖం నాకెందుకు? నేనొక్కదాన్నే కొండలెక్కి తిరుగుతూ ఉంటే, అక్కడ నువ్వు గుమ్మం దాటడానికి రొప్పుతుంటే, ఆ పాపం ఎవరికి?

పదిరోజులు కూడా కాలేదు గానీ ఏమీ తేడా లేదు. హాయిగా ఉన్నాను. చూశావా.

బబిర్యే


కలంగాలా,
ఏప్రిల్ 22

మొండిఘటం అక్కకి,

కిజ్జా నీ ఉత్తరం ఇచ్చి, నా మొహం చూసి, వెంటనే వల సర్దుకునే పనుందని పారిపోయాడు.

నీకు బుర్రుందా అసలు? మందు మానేశానని గొప్పగా రాస్తున్నావా! నన్ను తక్కువ చేసిందేమీ లేదు. ఇంటికొచ్చాక ఏం జరిగిందో చెప్తాను, విను.

ఆకుపచ్చది పీల్చిన నాలుగో రోజుకి చెప్పులు వేసుకోవడానికి వంగాను. మామూలుగా వంగాను, లేచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇదివరకు వంగితే కళ్ళు తిరిగేవని. అక్కడే గోడకానుకుని ఏడ్చాను. అమ్మ కంగారుపడి "ఏమైందే?" అంటే "చెప్పులేసుకున్నా" అన్నాను.

పొయ్యి వదిలేశాను. ఇప్పుడు పొగబెట్టే చేప కాదు, ముకెనె చిన్నచేపలు ఎండబెడుతున్నాను. తీగల మంచె మీద పరిచేస్తే ఎండే చూసుకుంటుంది. రేవులో ఆడవాళ్ళు "మహారాణిగారు పొగకి పనికిరారట" అని మూతి తిప్పారు. తిప్పుకోనీ. నర్సమ్మ నేర్పిన కసరత్తు కూడా చేస్తున్నాను. పెదవులు ముడిచి మెల్లగా ఊదుతూ నడవాలి. అమ్మ అరుగు మీద కూర్చుని "ఏమిటే ఆ ఊదడం, పొయ్యి ఎక్కడుందని?" అంటుంది. ఆ నవ్వులో రెండడుగులు ఊదడం మర్చిపోతాను, మళ్ళీ మొదలెడతాను. నిన్న గుట్ట మీది మిషన్ బడి దాకా వెళ్ళొచ్చాను.

ఇది నువ్వంటున్న నాసిరకం మందు పని.

అక్కా, నువ్వు గొమేసి గౌన్లు కుట్టి బతికేదానివి. మనిద్దరికీ పండక్కి కుట్టేటప్పుడు ఒకే తానులోంచి తీస్తావు, ఒకే రంగు నడికట్టు వేస్తావు. మరి కొలత? నా భుజానికి రెండు వేళ్ళు తగ్గిస్తావు. నీ నడుముకి నాలుగు వేళ్ళు కలుపుతావు, నేనెప్పుడైనా బయటపెట్టానా? నీ కొలతకే నాకూ కుట్టావనుకో, నా భుజం మీంచి జారిపోయి రేవులో నా పరువు పోతుంది. డాక్టరమ్మ చేసిందీ అంతే కదా. కొలత తీసింది.

ఈరోజే ఆ నారింజ మూత గూట్లోంచి తియ్యి.

నకాతో


కంపాలా,
మే 3

చెల్లీ,

నువ్వు మిషన్ బడి దాకా నడిచావన్న చోట నాకు చదువు ముందుకి సాగలేదు. ఆ ఎత్తు నువ్వు ఎక్కావా! కిజ్జాని రెండుసార్లు అడిగాను. వాడు "ఎక్కింది, దిగింది, దిగాక నన్ను తిట్టింది కూడా" అన్నాడు. ఎక్కాక తిట్టే ఊపిరి మిగిలిందంటే నిజమే అయ్యుంటుంది.

అయితే ఆ డాక్టరమ్మ మీద నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. నీకు నీ మందు పడింది, సంతోషం.

కానీ నా సంగతి వేరు. నా నడుము గురించి నువ్వు రాసిన దానికి జవాబు ఎదురుపడ్డప్పుడు ఇస్తాను. బట్ట వేరు, ఊపిరి వేరు. నువ్వు ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు మానేస్తానని మొక్కుకున్నాను. నువ్వు పూర్తిగా బాగుపడ్డాకే నేను మళ్ళీ మొదలుపెడతాను. అంతదాకా నీకు లేనిది నాకూ లేదు. మొక్కు మొక్కే.

నాకేం పర్వాలేదు. వానలకి కాస్త దగ్గు. ఒక పెళ్ళివారివి ఇరవై గొమేసీలు కుట్టాలి, పట్టు నూలు దుమ్ము ఇల్లంతా. తెల్లవారుజామున కిటికీ దగ్గర కాసేపు కూర్చుంటున్నాను, అంతే.

ఇంకా రాయాలనుంది గానీ కిజ్జా పడవకి టైమవుతోంది. నాకూ కొంచెం అలసటగా ఉంది. మిగతాది

తర్వాత.

బ.


కలంగాలా,
మే 14

అక్కా,

కిజ్జా నిన్న మధ్యాహ్నం వచ్చి చెప్పాడు. నిన్ను ఎవరో పెళ్ళివారి అబ్బాయి మోటార్ సైకిల్ మీద, ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. పెదవులు నల్లబడ్డాయట. ముక్కుకి గాలిగొట్టం పెట్టారట. నీ గొలుసు, నీ చెప్పులు కిజ్జా దగ్గరే ఉన్నాయి, తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

అమ్మకి చెప్పాను. తిట్లేమీ లేవు. అరుగు మీదినించి లేచి లోపలికెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు నా మాట విను. నేను బతిమాలడం లేదు, తిట్టడం లేదు. ఒకటి చేసేది రెండోది చెయ్యాలనే కదా నీ పట్టుదల? నీకు లేనిది నాకు లేదనే కదా? సరే, అలాగే కానీ. నిన్న సాయంత్రం నేను ఆకుపచ్చ మూత తియ్యలేదు. ఈ పొద్దున్నా తియ్యలేదు. నువ్వు నీ నారింజది పీల్చావని కబురొచ్చేదాకా తియ్యను. ఇప్పటికే మెట్టు దగ్గర ఆగాల్సి వస్తోంది. ఎంతసేపు ఆగగలనో నీ ఇష్టం.

సమానం అంటే ఒకే మందు కాదే పిచ్చిదానా. నేను నాది మానకుండా పీల్చడం, నువ్వు నీది మానకుండా పీల్చడం, అదీ సమానం. నువ్వు పీలిస్తే నేనూ పీలుస్తాను. నువ్వు పోతే నేను ఏ మందుతో ఉండాలి?

ఈ ఉత్తరం కిజ్జా స్వయంగా నీ మంచం దగ్గర చదివి వినిపిస్తాడు. నువ్వు పీల్చగానే నాకు ఫోన్లో ఒక్క మాట రాయమన్నాను. నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

నకాతో


కంపాలా ఆస్పత్రి,
మే 20

నకాతో,

కిజ్జా నీ ఉత్తరం వార్డంతా వినపడేలా చదివాడు. చదువుతూ ఏడ్చాడు. పక్క మంచం ఆవిడ, ఆవిడకి గంజి తెచ్చిన కూతురు, నర్సు, అందరూ ఏడ్చారు. చివర్న అందరూ నావైపు తిరిగారు. పక్క మంచం ఆవిడ "పీల్చమ్మా, అక్కడ నీ చెల్లెలు ఆగి ఉంది" అంది. అంతమంది చూస్తుంటే పీల్చకుండా ఉంటానా!

పీల్చాను. కిజ్జా ఫోన్ తీసి "పీల్చింది" అని రాసేదాకా వాణ్ణి కదలనివ్వలేదు. తర్వాత నీనించి "నేనూ" అని వచ్చింది. ఆ రెండక్షరాలూ ఫోన్ గుండెకానించుకుని చాలాసేపు అలాగే పడుకున్నాను.

డాక్టర్ అలుపో వచ్చింది. తిడుతుందనుకున్నాను. "మందు మానేస్తే వెంటనే తేడా తెలియదు. అదే మోసం. వాపు నెమ్మదిగా మళ్ళీ వస్తుంది, ఒకరోజు ఒక్కసారిగా మూసుకుంటుంది" అని చెప్పింది. నేను ఊరుకోలేక మొక్కు సంగతి చెప్పాను. ఆవిడ నా మంచం అంచున కూర్చుంది. "ఇకమీదట కవలలు కనిపిస్తే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను, మందు తర్వాత రాస్తాను. ఇది నాకు తట్టాల్సింది" అంది. నాకు ఆవిడంటే భయం పోయింది.

భయమంటే గుర్తొచ్చింది. ఆ రోజు గాలి ఎంత లాగినా లోపలికి రానప్పుడు, నాకు చావు భయం కాదే వచ్చింది. నువ్వొక్కదానివే మిగిలిపోతావేమోనని వేసింది. ఆ మాట నీకు చెప్పాలి, చెప్పేశాను.

మొక్కు తీరిపోయింది. ఇంటికి పంపేస్తారట ఎల్లుండి. పెళ్ళివారు మిగతా గొమేసీలు వేరేచోట కుట్టించుకున్నారు, వంకరగా కుట్టుంటారు, నాకేం బాధ లేదు. వచ్చే నెలాఖరుకి నేనే అక్కడికొస్తాను. అమ్మని చూడాలి. నా నడుము గురించి నీతో మాట్లాడాలి.

పొద్దున్నా సాయంత్రం మానకుండా పీలుస్తున్న
అక్క


కలంగాలా,
జులై 9

బబిర్యే అక్కా,

నువ్వు పడవెక్కి రెండు రోజులే అయింది, ఇల్లు బోసిగా ఉంది. అమ్మ నిన్న పొద్దున్న మర్చిపోయి నీకూ కంచం పెట్టింది. పెట్టాక ఇక తియ్యకూడదంది. కిజ్జా కూర్చుని తినేశాడు.

నువ్వు వెళ్ళేముందు చెప్పాలనుకుని చెప్పలేదు. నువ్వున్నప్పుడు చెప్తే నువ్వు తప్పకుండా ఏడ్చేదానివి, రేవులో జనం ముందు అదొక గోల.

ఆఖరిరోజు మధ్యాహ్నం గుర్తుందా? భోజనం చేసి అరుగు మీద చాపేసుకుని పడుకున్నాం. నువ్వు పడుకోగానే నిద్రపోయావు, నోరు తెరుచుకుని. నేను ఊరికే కళ్ళు మూసుకున్నాను. అమ్మ తడుముకుంటూ వచ్చింది. ఈమధ్య కళ్ళు బాగా తగ్గాయి ఆవిడకి, నువ్వూ చూశావుగా. మన మధ్య కూర్చుంది. నడుం పట్టుకుని వంగి, నీ వీపు మీద చెవి ఆనించింది.

చాలాసేపు వింది. నేను కదల్లేదు.

తర్వాత నావైపు జరిగి నా వీపు మీద ఆనించింది. ఆ చెంప వెచ్చగా తగిలింది. మనకి జ్వరమొచ్చినప్పుడు అలాగే వినేది, గుర్తుందో లేదో. నా ఊపిరి విని మళ్ళీ నీ దగ్గరికెళ్ళింది. మళ్ళీ నా దగ్గరికొచ్చింది. బజారులో తక్కెడ నమ్మని మనిషిలాగ అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. నాకు ఒకవైపు నవ్వు, ఒకవైపు భయం. ఎందుకంటే ఆవిడ ఇంతవరకూ ఆ రెండు రంగుల సంగతి క్షమించలేదు. మనిద్దరం ఆవిడ కళ్ళెదుటే పీలుస్తున్నా మొహం తిప్పుకునేది.

చివరికి లేచి నిలబడింది. పైగుడ్డ తీసి మనిద్దరి మీదా కలిపి కప్పింది. కప్పి, ఎవరితోనో తగూ తీర్చినట్టు గట్టిగా అంది:

"ఆ టెసో పిల్ల ఇద్దరికీ సమానంగానే ఇచ్చింది."

అని లోపలికెళ్ళిపోయింది.

నేను చాపలో మొహం దాచుకుని నవ్వాను అక్కా. కడుపు పట్టుకుని, కన్నీళ్ళొచ్చేదాకా. నువ్వు లేస్తావేమోనని అణుచుకున్న కొద్దీ ఇంకా వచ్చింది. నవ్వంతా అయిపోయి వెల్లకిలా తిరిగాక తెలిసింది, అంత నవ్వినా ఒక్క దగ్గు రాలేదని.

నకాతో